తెర మీద మన ఊరెక్కడ?

2024 జనవరి 5న ఈటీవీ విన్‌లో 'నైంటీస్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' వచ్చింది. ఆరు భాగాల సిరీస్. దర్శకుడు ఆదిత్య హాసన్. శివాజీ అందులో గవర్నమెంటు బడిలో లెక్కల మాస్టరు చంద్రశేఖర్. ఆయన కాపురం వనపర్తిలో. మా కొత్తకోటలో బస్సెక్కితే కాసేపట్లో దిగే ఊరు. హైదరాబాదు, వైజాగు, గోదావరి గట్టు, సీమ కొండలు, ఈ మధ్య కరీంనగర్, వరంగల్ వైపు పల్లెలు: తెలుగు తెర మళ్లీ మళ్లీ తిరిగే ఊళ్లు ఇవే. ఆ వరసలో వనపర్తి పేరు వినబడితే ఈ ప్రాంతం వాళ్లకు కలిగే సంతోషం చిన్నది కాదు.

ఆ సంతోషమే ఒక ప్రశ్న కూడా వేసింది. గత మూడేళ్లలో థియేటర్లకు, ఓటీటీలకు, టీవీలకు వచ్చిన సరుకును హైదరాబాద్-కర్నూలు రోడ్డు మీదున్న కొత్తకోట నుంచి చూస్తే ఎట్లా కనబడుతోంది? 2016 అక్టోబరు దాకా ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో ఉండి, ఆ తర్వాత వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు జిల్లాలుగా విడిపోయిన ఈ నేల మనుషులు ఆ కథల్లో ఎక్కడున్నారు? ఏవి మెచ్చుకోదగ్గవి, ఏవి కావు?

ఇష్టాయిష్టాలు చెప్పేముందు నేను ఏ కొలతతో కొలుస్తున్నానో చెప్పాలి. ఆ కొలత ఈ మట్టిలోనే దొరికింది. గద్వాల సీమలో ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అచ్చు వేయించారు. ఆయనే 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు గెలిచారు. ఆయన పోయాక, 1955లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగుకు వచ్చిన మొదటి అకాడమీ బహుమతి అది. రాజులెవరు, యుద్ధాలెన్ని అని రాసే చరిత్రలు అప్పటికే చాలా ఉన్నాయి. ప్రతాపరెడ్డి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పని చేసి బతికారు, దేనికి భయపడ్డారు అని వెతికారు. పాత కావ్యాలన్నీ ఆ కంటితోనే జల్లెడ పట్టారు.

ఏ సినిమా చూసినా, ఏ సిరీస్ చూసినా నేను అడిగేది అదే. వందేళ్ల తర్వాత ఎవరైనా ఇది చూస్తే, 2020ల నాటి తెలుగువాడు ఎట్లా బతికాడో ఇందులో కనబడుతుందా? నటన, సంగీతం, కెమెరా అన్నీ ముఖ్యమే. కానీ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతావి ఎంత బాగున్నా నాకు ఆనవు.

ఆ కొలతకు 'నైంటీస్' చాలావరకు నిలబడుతుంది. పొద్దున్నే ఉప్మా. మళ్లీ ఉప్మా. పిల్లల మొహాలు మాడిపోవడం, తల్లి రాణి అది చూసీ చూడనట్టు వడ్డించడం: వాసుకి ఆ పాత్రను మాటలతో కాక చేతులతో నటించింది. ఒక జీతం, ముగ్గురు పిల్లలు, నెలాఖరు. ఆ లెక్క ఎవరూ పైకి చెప్పకుండానే ప్రతి సన్నివేశంలోనూ నడుస్తుంటుంది. గవర్నమెంటు బడిలో పాఠాలు చెప్పే మాస్టరు తన పిల్లల్ని మాత్రం ప్రైవేటు బడిలో ఇంగ్లీషు మీడియంలో వేస్తాడు. దర్శకుడు దీని మీద ఉపన్యాసం ఇవ్వడు, తండ్రిని తప్పు పట్టడు. అది ఆ కాలపు నిజం. తొంభైల్లో చిన్న పట్నాల్లో ప్రైవేటు స్కూళ్లు వీధికొకటి లేచినప్పుడు, మొదటి వరసలో ఫీజు కట్టిన వాళ్లలో సర్కారు టీచర్లు చాలామంది. ఆ ఒక్క విషయం చూపించినందుకే ఈ సిరీస్‌కు సాంఘిక చరిత్రలో చోటుంటుంది.

పెద్దకొడుకు రఘుగా మౌళి, చివరివాడు ఆదిత్యగా రోహన్ రాయ్ బాగా చేశారు. మార్కుల దగ్గర చిన్నోడు పడే యాతన చూసి నవ్వని ఇల్లు ఉండదు. ఆ నవ్వు వెనక ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం కోసం వణికిన ఒక తరం మొత్తం ఉంది. నడిమి ఆడపిల్ల దివ్యకు మాత్రం కథలో రావలసినంత వాటా రాలేదు. అబ్బాయికి ప్రేమ దొరికింది, చిన్నోడికి అల్లరి దొరికింది, ఆ పిల్లకు ఏమీ దొరకలేదు. తల్లి విషయంలోనూ అంతే. ఆమె పనిని శ్రద్ధగా చూపించారు, ఆమె కోరికను వదిలేశారు.

ఇక వనపర్తి. కథ ఇంటి గోడల మధ్య, బడి గదుల మధ్య నడుస్తుంది కాబట్టి ఊరు తనంతట తాను పాత్ర కాలేదు. ఆ కుటుంబాన్ని అట్లాగే తీసుకెళ్లి సిద్దిపేటలోనో కావలిలోనో పెట్టినా కథ చెక్కుచెదరదు. ఎక్కడి తెలుగువాళ్లయినా అది తమ ఇల్లే అనుకోవడానికి కారణం అదే. మనకు కాస్త వెలితి మిగలడానికి కారణమూ అదే.

అదే ఆదిత్య హాసన్ నిర్మాతగా, అదే మౌళి హీరోగా 2025 సెప్టెంబరు 5న 'లిటిల్ హార్ట్స్' థియేటర్లకు వచ్చింది. దర్శకుడు సాయి మార్తాండ్. ఎంసెట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కూర్చున్న పిల్లల ప్రేమకథ. చదువు రాని పిల్లవాడిని దద్దమ్మగానో, రౌడీగానో చూపించడం మన సినిమాకు అలవాటు. ఇక్కడ మామూలు మనిషిగా చూపించారు. నవ్వు ధారాళంగా ఉంది, లోతు అంతగా లేదు. కానీ చిన్న ఖర్చుతో, పేరున్న తారలు లేకుండా హాళ్లు నింపింది. ఓటీటీలో పుట్టిన నమ్మకం మళ్లీ హాలుకు జనాన్ని తెచ్చిందంటే, ఇది చిన్న సంగతి కాదు.

శివాజీ గురించి ఇంకొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 'నైంటీస్' వచ్చిన పద్నాలుగు నెలలకు, 2025 మార్చి 14న, 'కోర్ట్' వచ్చింది. రామ్ జగదీశ్ మొదటి సినిమా, నాని సమర్పణ. విశాఖలో చిన్నా చితకా పనులు చేసుకునే పందొమ్మిదేళ్ల చందు, పదిహేడేళ్ల జాబిలి ఇష్టపడతారు. జాబిలి ఇంటి పరువుకు తనే కాపలా అనుకునే బంధువు మంగపతి, డబ్బునూ పలుకుబడినీ వాడి చందు మీద పోక్సో కేసు పెట్టిస్తాడు. ఆ మంగపతి శివాజీయే. వనపర్తి లెక్కల మాస్టరులో మనం ముద్దుగా చూసిన కాఠిన్యం, ఇక్కడ అధికారం తోడవగానే ఏమవుతుందో చూడాలంటే ఈ రెండూ వెంట వెంట చూడాలి. అదే మొహం, అదే గొంతు, అదే 'నేను చెప్పిందే' అనే తీరు. ఒకచోట మనం దాన్ని ప్రేమ అన్నాం. రెండోచోట అది ఒక పిల్లవాడి జీవితాన్ని జైల్లోకి తోసింది. ఒకే నటుడు మన ఇళ్లలోని తండ్రితనానికి రెండు అంచులు చూపించడం ఈ మూడేళ్లలో నాకు అన్నిటికన్నా విలువైన అనుభవం. ఆయన అనుకుని చేశాడో లేదో తెలియదు, చూసేవాళ్లకు మాత్రం అది దొరుకుతుంది.

'కోర్ట్' గట్టిదనం చట్టాన్ని చట్టంగా చూడటంలో ఉంది. పసిపిల్లల రక్షణకు 2012లో తెచ్చిన చట్టం అవసరాన్ని ఎక్కడా తక్కువ చేయదు. దాన్ని పరువు కోసం వాడుకునే చేతిని నిలదీస్తుంది. వాంగ్మూలం, ఎదురు ప్రశ్న, సెక్షన్లు: ఇవన్నీ హాల్లో కూర్చున్న పదో తరగతి పిల్లకు కూడా అర్థమయ్యేలా చెప్పారు. ప్రియదర్శి లాయర్ సూర్యతేజగా హీరోలా అరవలేదు, చదువుకున్న మనిషిలా మాట్లాడాడు. మిర్యాలగూడ పరువు హత్య కేసులో నల్లగొండ కోర్టు తీర్పు ఇచ్చింది 2025 మార్చి 10న. నాలుగు రోజులకు ఈ సినిమా వచ్చింది. ఎవరూ అనుకుని కలపని తేదీలవి. కానీ తెలంగాణలో ఆ వారం ఈ సినిమా చూసినవాళ్లు ఆ రెండింటినీ విడదీసి చూడలేకపోయారు.

అదే ఏడాది నవంబరు 21న వచ్చిన 'రాజు వెడ్స్ రాంబాయి' ఇంకా చీకటిగా ఉంటుంది. సాయిలు కంపాటి దర్శకుడు. పల్లె ప్రేమ, డప్పు, చావు ఊరేగింపులు, కూతురి ప్రేమను ఓర్వలేని తండ్రి చేసే ఘోరం. ముందు సగం సాగతీసినట్టుంది. చివరి అరగంట మాత్రం కడుపులో పట్టి లాగుతుంది. 'లిటిల్ హార్ట్స్' లాగే ఇదీ ఈటీవీ విన్ వాళ్ల చేయి ఉన్న సినిమానే. ఇంట్లో చూసే తెర కోసం మొదలైన సంస్థ పల్లె కథల్ని హాలుకు పంపుతోంటే, హాలు కోసం పుట్టిన పెద్ద సంస్థలు ఊరిని సెట్టింగుగా వాడుకుంటున్నాయి.

'బలగం' ప్రస్తావన లేకుండా తెలంగాణ సినిమా గురించి ఇప్పుడెవరూ రాయలేరు. 2023 మార్చి 3న వచ్చింది. అప్పటిదాకా మనకు హాస్యనటుడిగా తెలిసిన వేణు యెల్దండి తీశాడు. కొమురయ్య చచ్చిపోతాడు. మూడో రోజు, ఐదో రోజు పెట్టిన కూడు కాకి ముట్టదు. ఎప్పుడో విందులో నల్లి బొక్క కాడ మొదలైన పంచాయితీకి బావ, బావమరుదులు ఇరవై ఏళ్లు మాట్లాడుకోలేదు. ఇంత చిన్న కారణమా అని పట్నంలో ఉన్నవాళ్లు అనుకోవచ్చు. పల్లెలో కుటుంబాలు విడిపోయేది ఇట్లాంటి వాటి మీదే. ముక్క కాదు, మర్యాద. ఆ సంగతి తెలిసినవాడు మాత్రమే తీయగల సినిమా అది. ఊరూరా పంచాయతీల ముందర, గుడి ముందర తెర కట్టి చూపించారు. సినిమా హక్కులున్న వాళ్లకు అది నచ్చలేదు, ఫిర్యాదులూ వచ్చాయి. కానీ ఊరంతా నేల మీద కూర్చుని ఒకే సినిమా చూసి ఏడ్చిన సందర్భం ఈ తరానికి అదొక్కటే. చివర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన బుడగ జంగాల పాట సినిమా మొత్తాన్నీ తన భుజాన మోసింది. 71వ జాతీయ అవార్డుల్లో ఇందులోని పాటకు కాసర్ల శ్యామ్‌కు ఉత్తమ గేయ రచయిత పురస్కారం, రాష్ట్ర ప్రభుత్వ గద్దర్ అవార్డుల్లో 2023కు ఉత్తమ చిత్రం గౌరవం దక్కాయి. రెండూ న్యాయమే. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మాత్రం ఉంది. ఆ సినిమాలో చావు ఖర్చులకు, పెట్టుపోతలకు అప్పు ఎవరు ఇస్తారు, ఎవరు తీరుస్తారు? కథ అక్కడికి తొంగి చూసి కన్నీళ్ల వైపు మళ్లింది. నాకు అక్కడే కాస్త ఆగాలనిపించింది.

'బలగం' గెలిచాక తెలంగాణ పల్లె మీద పెట్టుబడి పెట్టేవాళ్లకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం ఎటు పోయిందో చూడాలంటే 'సివరపల్లి' చూడాలి. 2025 జనవరి 24న ప్రైమ్ వీడియోలో వచ్చింది. హిందీ 'పంచాయత్'కు తెలుగు రూపం. భాస్కర్ మౌర్య దర్శకుడు. ఇంజనీరింగ్ చదివి, అమెరికా కల చెదిరి, పంచాయతీ కార్యదర్శిగా పల్లెకు వచ్చిన శ్యామ్‌గా రాగ్ మయూర్. సర్పంచిగా రూపాలక్ష్మి, ఆమె పేరు మీద పెత్తనం చేసే భర్తగా మురళీధర్ గౌడ్. నటులంతా బాగున్నారు. మాట తీరు బాగుంది. కానీ దయ్యాల చెట్టు దగ్గర నుంచి పెళ్లివారి కుర్చీ గొడవ దాకా హిందీలో చూసినవే వరసగా వస్తుంటే, ఉత్తరప్రదేశ్‌లోని ఫులేరా ఊరు మీద తెలంగాణ పేరు అంటించినట్టు ఉంది.

నాకు కోపం రాలేదు, బాధ కలిగింది. ఎందుకంటే అసలు కథ ఇక్కడే ఉంది. 2018 కొత్త పంచాయతీరాజ్ చట్టం తర్వాత రాష్ట్రంలో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు నోటిఫికేషన్ వేశారు. డిగ్రీలు, పీజీలు, బీటెక్కులు చేసిన పిల్లలు 15,000 రూపాయల జీతానికి ఊళ్లకు వెళ్లారు. నర్సరీలో మొక్క చస్తే వాళ్లదే బాధ్యత. చెత్త ట్రాక్టర్, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, పల్లె ప్రకృతి వనం అన్నీ వాళ్ల మెడకే. పొద్దున్నే ఊర్లో నిలబడి ఫొటో తీసి యాప్‌లో పెడితేనే హాజరు. మూడేళ్ల ప్రొబేషన్ అన్నది నాలుగేళ్లు అయింది. 2023 ఏప్రిల్ చివర సమ్మెకు దిగారు. ఆ పిల్లల్లో ఆడపిల్లలు ఎంతోమంది. బస్సు దిగి, రెండు కిలోమీటర్లు స్కూటీ మీద పోయి, పెద్ద మనుషుల నడుమ గ్రామసభ నడిపే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి కథ కన్నా మంచి సిరీస్ ఏముంటుంది? వనపర్తి జిల్లాలో ఏ మండలంలో అడిగినా పది సంఘటనలు చెప్తారు. హక్కులు కొని తెచ్చిన కథ ముందు వాటికి చోటు దొరకలేదు.

దానికి ఎదురుగా 'మోతెవరి లవ్ స్టోరీ' పెట్టి చూడండి. 2025 ఆగస్టు 8న జీ5లో వచ్చింది. యూట్యూబ్‌లో 'మై విలేజ్ షో'తో పేరు తెచ్చుకున్న జగిత్యాల జిల్లా లంబాడిపల్లి బృందం చేసింది. అనిల్ గీలా హీరో. కథ పాతదే: రెండు కుటుంబాలు, భూమి తగాదా, ఒక ప్రేమ. మెరుపు తక్కువే. అయినా గోడలు, అరుగులు, పలకరింపులు, కోపంలో దొర్లే మాటలు నిజమైనవి. ఒక ఊరి పిల్లలు పది పన్నెండేళ్లు తమ ఊర్లోనే కెమెరా పట్టుకుని నేర్చుకున్న పని అది. పెద్ద పెట్టుబడి, పరాయి కథ ఒకవైపు; చిన్న కథ, సొంత చూపు ఇంకోవైపు. నేను రెండోదానికే ఓటు వేస్తాను.

టీవీ సీరియళ్ల దగ్గరికి వస్తే నా మాట కాస్త కటువుగా ఉంటుంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా మన ఇళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు చూసేవి అవే కాబట్టి, వాటిని చిన్నచూపు చూసి వదిలేయడం తప్పు. 2017 నుంచి 2023 దాకా నడిచిన 'కార్తీక దీపం'కు మలయాళంలో 'కరుతముత్తు' మూలం. 'బ్రహ్మముడి'కి బెంగాలీ 'గాచ్చోరా'. 'గుండె నిండా గుడి గంటలు'కు తమిళ 'సిరగడిక్క ఆసై'. కొచ్చిన్‌లోనో, కోల్‌కతాలోనో, చెన్నైలోనో నడిచిన ఇల్లు అట్లాగే వచ్చి మన హాల్లో కూర్చుంటోంది. ఆ ఇంటికి ఊరు లేదు. ఆ మనుషులకు ఇంటిపేరు ఉంటుంది కానీ పొలం లేదు, రేషన్ కార్డు లేదు, మహిళా సంఘం మీటింగు లేదు, బస్సు లేదు. వంటింట్లో పట్టుచీర. ఏడాది పొడవునా ఒకే కుట్ర.

'కార్తీక దీపం'లో దీపగా ప్రేమి విశ్వనాథ్ గొప్పగా చేసింది. రంగు తక్కువని అవమానపడిన ఆడవాళ్లు ఎందరో ఆమెలో తమను చూసుకున్నారు. అందుకే ఆమెను ఇంటిపిల్లలా వంటలక్క అని పిలుచుకున్నారు. ఆ నమ్మకాన్ని కథ నిలుపుకోలేదు. ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో తేలే అనుమానాన్ని ఏళ్ల తరబడి ఈడ్చారు. డ్వాక్రా సంఘాల్లో లెక్కలు రాసి, బ్యాంకు మేనేజరుతో మాట్లాడి లోన్లు తెచ్చుకునే ఆడవాళ్లకు, ఏళ్లకేళ్లు ఏడవడమే తెలిసిన కథానాయికను చూపించడం అన్యాయం. సీరియల్ రాసేవాళ్లు ఒక నెల మా సంఘాల మీటింగుల్లో కూర్చుంటే, వెయ్యి ఎపిసోడ్‌లకు సరిపడా కథ దొరుకుతుంది. అత్తాకోడళ్ల పోట్లాట కూడా దొరుకుతుంది, కానీ దానికి అసలు కారణాలు కూడా దొరుకుతాయి.

రియాలిటీ షోల్లో బిగ్‌బాస్ ఏడో సీజన్ గురించి మాత్రం చెప్తాను. 2023 డిసెంబరులో సిద్దిపేట జిల్లా రైతు కుటుంబం నుంచి వచ్చిన పల్లవి ప్రశాంత్ గెలిచాడు. ఒక పల్లె పిల్లవాడు తారల మధ్య నిలబడి గెలవడం చూసి జనం తమ ఇంట్లో పెళ్లిలా సంబరపడ్డారు. ఆ సంబరం నిజం. కానీ నూరు రోజులు అతన్ని రైతుబిడ్డ అని పిలిచిన కార్యక్రమం పత్తి ధర గురించి, బోరు గురించి, కౌలు గురించి అతన్ని ఎంతసేపు మాట్లాడనిచ్చింది? బిరుదు ఇచ్చారు, మాట ఇవ్వలేదు. గెలిచిన రాత్రి అన్నపూర్ణ స్టూడియో బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. అభిమానం ఎటు పోతోందో ఆలోచించాల్సింది మనమే.

పెద్ద సినిమాల సంగతి తొందరగా ముగిస్తాను, వాటి గురించి అందరూ రాస్తున్నారు కాబట్టి. 'కల్కి 2898 ఏడీ' ఊహ పెద్దది, మనుషులు చిన్నబోయారు. 'హనుమాన్' తక్కువ డబ్బుతో ఎక్కువ వెలుగు చూపించింది. 'పుష్ప 2'లో అల్లు అర్జున్ జాతర సన్నివేశం ఒక్కటి చాలు, ఆ నటుడి తెగువకు. మిగతాది పొగరుకు పండుగ. 'ఓజీ' చూసి అభిమానులు ఆనందించారు, నాకు రక్తం తప్ప ఏమీ గుర్తులేదు. 'సంక్రాంతికి వస్తున్నాం' ఇంటిల్లిపాదినీ నవ్వించింది, భార్యల్ని మాత్రం నోరు పారేసుకునే మనుషులుగానే మిగిల్చింది. 'కుబేర'లో శేఖర్ కమ్ముల బిచ్చగాళ్లను లెక్కలోకి తీసుకున్నాడు. ధనుష్ నటన, ఆ సినిమా తలపెట్టిన పని రెండూ గౌరవించదగ్గవి, రెండో సగం బరువైనా సరే.

ఆ పెద్ద సినిమాల లెక్క చిన్న ఊరి హాలు మీద ఎట్లా పడిందన్నది మాత్రం అంత తేలిగ్గా వదిలేయలేను. 2024 మే 17 నుంచి తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్లను పది రోజులు మూసేశారు, కరెంటు బిల్లుకు కూడా వసూళ్లు రావడం లేదని. ఏడు నెలలు తిరగకుండా 'పుష్ప 2' ముందు రోజు ఆటకు మామూలు రేటు మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవచ్చని ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. ఆ రాత్రే సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. ఒకవైపు ఖాళీ హాళ్లు, ఇంకోవైపు ప్రాణాలు తీసే గుంపు. రెండూ ఒకే వ్యాపారం ఫలితాలు: ఏడాదికి నాలుగు సినిమాల మీద అంతా కుమ్మరించి, మిగతా వారాలు హాలును ఎండబెట్టడం. మా వైపు మల్టీప్లెక్స్ కావాలంటే మహబూబ్‌నగర్ పోవాలి. 2021 సెప్టెంబరులో విజయ్ దేవరకొండ పేరుతో ఏవీడీ అక్కడ తెరిచారు. ఆయనది నాగర్‌కర్నూలు జిల్లా తుమ్మన్‌పేట కుటుంబం కాబట్టి జిల్లా అంతా గర్వపడింది. కానీ నలుగురున్న కూలి కుటుంబం బస్సు చార్జీలు పెట్టుకుని, టికెట్లు, పాప్‌కార్న్ కొనుక్కుని రావాలంటే ఎన్ని రోజుల కూలి కావాలో లెక్కేసుకుంటే, ఫోన్లో దొంగ కాపీ ఎందుకు చూస్తున్నారో తెలుస్తుంది. దొంగ కాపీని నేను సమర్థించను. దొంగ కాపీల సైటు ఐబొమ్మ నడిపిన వ్యక్తిని 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు, మంచిదే. అయితే పోలీసులు ఒక సైటును మూయగలరు. పేదవాడికి హాలును అందుబాటులోకి తేవలసింది నిర్మాతలు, ప్రభుత్వం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇన్నింటిలో మా ఉమ్మడి మహబూబ్‌నగర్, అంటే పాలమూరు ఎక్కడుంది?

గొంతు ఉంది. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీటుతూ 'భీమ్లా నాయక్' టైటిల్ పాటను ఎత్తుకున్నాడు. 2021 సెప్టెంబరులో ఆ పాట వచ్చాక రాష్ట్రమంతా ఆయన ఎవరని అడిగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ సినిమా మలయాళ 'అయ్యప్పనుం కోషియుం'కు తెలుగు రూపం. అంటే కథ కేరళది, ఆ కథానాయకుడికి పుట్టుకనిచ్చిన పాట మా నల్లమల అంచుది. మొగులయ్య ఊరూరా పాడిన పండుగ సాయన్న కథ, ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టిన పాలమూరు వీరుడి కథ, ఆయన కిన్నెర మీదే మిగిలిపోయింది. అంతకు ముందు, 2002లో, తెలకపల్లి మండలం గౌరారం మనిషి గోరటి వెంకన్న 'కుబుసం' కోసం పల్లె గోడు పాటగా ఇచ్చాడు. సినిమా మరుగున పడింది, పాట మాత్రం ఉద్యమాన్ని నడిపించింది. గొంతును తీసుకున్నారు, కథను తీసుకోలేదు.

ఏ కథలు? వలస ముందు చెప్పాలి. దేశంలో ఏ పెద్ద డ్యాము కట్టినా పాలమూరు లేబర్ చేయి పడాల్సిందేనని మా పెద్దలు చెప్పుకుంటారు. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సుతో పెళ్లో, జబ్బో గట్టెక్కుతుంది. ఆ తర్వాత ఏడాది పుణేలోనో ముంబైలోనో గుడిసె. పిల్లలు అవ్వా తాతల దగ్గర. ఉగాదికో పీర్ల పండుగకో ఇంటికి రావడం, వచ్చిన పండుగలోనే మళ్లీ అప్పు కావడం. బి. నర్సింగరావు 'మట్టి మనుషులు'లో పల్లె వదిలి నగరంలో ఇటుకలు మోసే కూలీల బతుకును చూపించాడు. అది 1990 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు పొందింది. అర్చన నటన మరచిపోలేం. ముప్పై అయిదేళ్లయింది. ఆ తర్వాత కట్టిన హైదరాబాద్ మొత్తం ఆ చేతుల మీదే లేచింది. ఆ మనుషులు మళ్లీ తెర మీద పాటకు వెనక డాన్సు చేసేవాళ్లుగానే కనబడ్డారు.

రెండోది నడిగడ్డ. కృష్ణా తుంగభద్రల మధ్య గద్వాల, అలంపూర్ వైపు సీడ్ పత్తి వేస్తారు. సాయంత్రం పూట ఆడ మొక్క మొగ్గలో మగ భాగాన్ని చేత్తో ఒలిచేయాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి ఒక్కోదానికి పుప్పొడి రుద్దాలి. ఒక్క ఎకరంలో ఎన్ని పువ్వులో, అన్నింటికీ ఇదే పని, సీజనంతా ప్రతి రోజూ. సన్న వేళ్లయితే త్వరగా సాగుతుందని బడి పిల్లల్ని చేలల్లోకి దింపిన చరిత్ర ఉంది. కంపెనీకి, రైతుకు మధ్య ఆర్గనైజర్. విత్తనం ఫెయిలైందంటే నష్టం ఎవరిది అన్న దగ్గర మొదలవుతుంది తగాదా. ఒక థ్రిల్లర్‌కు కావలసిన రహస్యం, ఒక కుటుంబ కథకు కావలసిన దుఃఖం, ఒక కోర్టు డ్రామాకు కావలసిన కాగితం అన్నీ ఆ ఎకరంలో ఉన్నాయి. దేశంలో పత్తి వేసే రైతుకు చేరే విత్తనం వెనక ఈ వేళ్లున్నాయని ఏ సినిమా చెప్పలేదు.

తెలంగాణ యాస ఇప్పుడు తెర మీద చెల్లుబాటవుతోంది. 'పెళ్లి చూపులు' నుంచి 'దసరా' దాకా ఆ దారి వేసినవాళ్లందరికీ కృతజ్ఞత చెప్పాలి. యాస వచ్చింది కాబట్టి ఊరు వచ్చేసినట్టేనని అనుకోవడమే పొరపాటు. తెలంగాణ అంటే ఒకే మాట, ఒకే తాగుడు, ఒకే దావత్ అన్నట్టు తీయడం మొదలైతే, పాత విలన్ యాస పోయి కొత్త మూస వచ్చినట్టే. 1934లో నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేసి జవాబిచ్చారు. సినిమా వాళ్లు మా దగ్గర కథలు లేవనుకుంటే, అట్లాంటి జవాబు ఇవ్వాల్సిన బాధ్యత ఇక్కడి పిల్లలది. ఫోన్లో మంచి కెమెరా ఉంది, యూట్యూబ్‌కు ఎవరి సిఫారసూ అక్కర్లేదు, లంబాడిపల్లి దారి చూపించింది. కొత్తకోట, పెబ్బేరు, ఆత్మకూరు కాలేజీల్లో షార్ట్ ఫిలిం తీయాలని ఉబలాటపడే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: హీరోయిజం తర్వాత, ముందు మీ ఇంట్లో వలసపోయి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి రెండు గంటలు మాట్లాడించి రికార్డు చేయండి. కథ అందులోనే ఉంది.

చూసేవాళ్లకు కూడా ఒక మాట. ఈ వారం ఒక్కటే చూసే తీరిక ఉంటే 'కోర్ట్' చూడండి, ఇంట్లో ఎదిగిన ఆడపిల్లనీ మగపిల్లవాడినీ పక్కన కూర్చోబెట్టుకుని. ఇంకో రోజు దొరికితే 'నైంటీస్' పెట్టండి, మాస్టరు గారి ఇంట్లో ఆ నడిమి పిల్ల ఏం చేస్తోందో కాస్త గమనించండి. 'సివరపల్లి' కన్నా ముందు మీ ఊరి పంచాయతీ కార్యదర్శితో పది నిమిషాలు మాట్లాడండి. మంచిగా తీసిన చిన్న సినిమా మన ఊరి హాలుకు వస్తే మొదటి వారంలోనే, టికెట్ కొని చూడండి. రెండో వారం దాకా అది ఉండదు.